భుజం దెబ్బ

ఆగస్టు 8, 1987. శనివారం

రాధాకృష్ణకి ఇంకా తెలివి రాలేదు. తలంతా కట్టు. ఎడమ కన్ను ఎక్కడుందో తెలియడం లేదు, అంత వాచింది. ముక్కులో ఒక గొట్టం, నోట్లో ఒకటి. శారద పక్కన కుర్చీలో కూర్చుని మొగుడి కాలి బొటనవేలు పట్టుకుని ఉంది. చేతుల నిండా సూదులు కదా, పట్టుకోడానికి అదొక్కటే దొరికింది. నన్ను చూడగానే లేచింది.

"అన్నయ్యగారూ, మీరు లాయరు కదా. వాళ్ళని ఏదో ఒకటి చెయ్యండి."

చేస్తానమ్మా అన్నాను.

మంగళవారం సాయంత్రం ఆఫీసునించి వస్తున్నాడు. జర్నల్ స్క్వేర్‌లో ట్రెయిన్ దిగితే ఇంటికి కాస్త దూరమే. ఎండ ఇంకా ఉంది. కుర్రాళ్ళు నలుగురో ఐదుగురో చుట్టూ చేరారు. ఇటుకతో తల మీద కొట్టారు. వాచీ ఉంది, పర్సు ఉంది, పర్సులో డబ్బులున్నాయి. వాళ్ళకి కావలసింది ఇండియన్ తలకాయ, దొరికింది.

ఈ వేసవంతా జెర్సీ సిటీలో ఇదే గొడవ. చీర కట్టుకున్నవాళ్ళ మీద గుడ్లు విసరడం, కారు అద్దాలు పగలగొట్టడం, బొట్టు కనిపిస్తే కూతలు. మొన్న అసోసియేషన్ మీటింగులో నేనేగా లేచి నిలబడింది? "చట్టం ఉంది, కంప్లయింట్ ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. రాధాకృష్ణ అందరికంటే గట్టిగా కొట్టాడు. సొంత తమ్ముడు కూడా అంత మురిసిపోడు.

ఆగస్టు 10

కూరగాయల కొట్టు పటేల్ చూశాడు! తలుపు సందులోంచి మొత్తం చూశాడు. ఇటుక ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాడు. డెనిస్‌ట. రైలు వంతెన దగ్గర టైర్ల షాపులో పనిట. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయిట. ఆ ముక్క పోలీసులకి చెప్పవయ్యా అంటే నీళ్ళు నమిలాడు.

"వకీల్ సాబ్, మీకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. రేపు పొద్దున నేను షట్టర్ ఎత్తుకోవాలి."

నాలుగు మాటలన్నాను. పడ్డాడు. చేతిలో బెండకాయల సంచీ పెట్టి బయటికి సాగనంపాడు.

పిరికి పీనుగ. బెండకాయలు మా ఆవిడ ప్రమోద వేపుడు చేసింది. తిన్నాను.

ఆగస్టు 14

నేను పేరు చెప్తే డెనిస్‌ని పోలీసులు పిలిచారు. అడిగారు. నాకేం తెలీదన్నాడు. పంపేశారు. సాక్షి లేకుండా ఏం చేస్తాం సార్, మీరూ లాయరే కదా, అంటాడు నాతో ఆ పోలీసాయన. అవును, నేనూ లాయర్నే. నా ఖర్మ.

వాణ్ణి దూరంనించి చూశాను. ఊరికే చూడ్డానికే వెళ్ళాను. బక్కగా ఉన్నాడు. టైరు ఎత్తుతూ ఈల వేస్తున్నాడు.

ఆగస్టు 18

ఇంటి రిజిస్ట్రేషన్లు రెండు. సాయంత్రం టైర్ల షాపు వైపు వెళ్ళాను, కారు టైర్లో గాలి తక్కువగా ఉంది.

ఆగస్టు 19

మళ్ళీ గాలి.

ఆగస్టు 22. శనివారం

అనుకోకుండా జరిగింది. ఇది మటుకు స్పష్టంగా రాసుకోవాలి. అనుకోకుండా.

మధ్యాహ్నం వంతెన కింద నడుస్తున్నాను. డెనిస్ ఎదురొచ్చాడు, ఒక్కడే. ఏదో కూశాడు. నా మీదికొచ్చాడు. ఆత్మరక్షణకి తగినంత బలం వాడచ్చు, చట్టమే చెప్తోంది. ఒక్కటే దెబ్బ. అదీ చేత్తో కాదు, భుజంతో.

మోచెయ్యి ఒంటికి అతికించుకుని, తుంటీ భుజమూ ఒకటి చేసి అవతలివాడి రొమ్ములో దిగబడాలి. మెల్‌బోర్న్‌లో లా చదివేటప్పుడు వాళ్ళ ఫుట్‌బాల్‌లో నేర్చుకున్న విద్య ఇది. బంతి దగ్గర్లో ఉంటే ఆ దెబ్బ తప్పు కాదు, కావలసినంత గట్టిగా కొట్టచ్చు. తెనాలిలో చెడుగుడు ఆడిన ఒళ్ళు కాబట్టి నాకు ఇట్టే పట్టుబడింది. యూనివర్సిటీ టీమ్‌లో నేనొక్కణ్ణే ఇండియన్ని, ఐదడుగుల ఏడంగుళాలవాణ్ణి, ఆరడుగుల దున్నల్ని పడేసేవాణ్ణి. నలభై నాలుగేళ్ళొచ్చినా భుజం మర్చిపోలేదు.

వాడు గోడకి కొట్టుకుని కింద పడ్డాడు. పడ్డాక వాడే నోరు విప్పాడు.

"ఆ టై కట్టుకున్నవాడి గురించా? చుట్టూ చేరగానే 'మా అన్న లాయరు' అన్నాడు. నవ్వొచ్చింది. అందుకే ఇంకొకటి వేశాను."

ఇంగ్లీషులోనే అన్నాడు. తెలుగులో రాస్తుంటే ఇంకా అసహ్యంగా ఉంది.

అంతే. ఇంటికొచ్చాను.

ఆగస్టు 23

"డాడీ, నీ హ్యాండ్‌కి ఏం అయింది?" అంది విద్య.

గ్యారేజీ తలుపు పడిందన్నాను.

"మనకి గ్యారేజ్ ఎక్కడుంది?" అంది. అపార్ట్‌మెంటులో ఉంటున్నాం కదా. పదహారేళ్ళ పిల్లలకి ఇలాంటి తెలివితేటలు ఎక్కువ.

భుజంతో కొట్టినవాడికి వేళ్ళ కణుపులు ఎందుకు చితికాయని ప్రమోద అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పసుపు నూనెలో కాచి పట్టించి, గుడ్డ చుట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఆగస్టు 26

డెనిస్ హాస్పిటల్లో ఉన్నాడు. కాలర్ బోన్ విరిగిందిట, పక్కటెముకలు విరిగాయిట, ముందు పళ్ళు లేవట. పోలీసులు అడిగితే షాపులో నిచ్చెన మీంచి జారిపడ్డానన్నాడుట. ఆ పోలీసాయనే చెప్పి, నా చేతి కట్టుకేసి చూసి, "పోన్లెండి, నిచ్చెన మంచి పని చేసింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇది నాకు తెలిసిన మర్యాదే. అరవై ఆరులో బంతి మైదానం అవతలి కొసన ఉండగా ఒకడు వెనకనించొచ్చి మోచేత్తో నా దవడ పగలగొట్టాడు. ఆటగాళ్ళని విచారించే కోర్టొకటి ఉంటుంది అక్కడ. ఎవరు కొట్టారని అడిగారు. తీగలు కట్టిన దవడతో, చూళ్ళేదండీ, బురదలో జారానండీ, అన్నాను. ఎందుకు చూళ్ళేదు, వాడి మొహం మీద మచ్చలతో సహా చూశాను. కానీ కొట్టినవాడి పేరు చెప్పకూడదు. చెప్పినవాడితో ఎవడూ ఆడడు. ఆ సాయంత్రం ఆ కొట్టినవాడే నా పక్కన కూర్చుని గ్లాసులో స్ట్రా వేసి బీరు తాగించాడు. అంతకుముందు ఏడాదిపాటు నన్ను ఒక్కడూ పేరుపెట్టి పిలవలేదు. ఆ రోజునించి, శ్యామ్‌సుందర్ నోరు తిరక్క, సామ్ అన్నారు. ఇరవయ్యేళ్ళుగా ఈ సంగతి ప్రతి పార్టీలోనూ గొప్పగా చెప్తూనే ఉన్నాను.

డెనిస్‌కీ అదే మర్యాద. ఇద్దరం సరి.

ఆగస్టు 31

రాధాకృష్ణ కళ్ళు తెరిచాడు! శారదని గుర్తుపట్టాడు, నన్ను అన్నా అన్నాడు. మాట కాస్త ముద్దగా వస్తోంది. శారద ఏడ్చింది, నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

ఆఫీసులో కంప్యూటర్ కట్టేసి బయల్దేరడం వరకే గుర్తుందిట. "ఏమైందన్నా నాకు?" అన్నాడు. చెప్పాను. "ఎవరు కొట్టారు? పట్టుకున్నారా?" అన్నాడు. ఇంకా లేదు, పట్టుకుంటాం అన్నాను. కాఫీ తాగొచ్చేసరికి మళ్ళీ అన్నాడు, "ఏమైందన్నా నాకు?"

డాక్టరు చెప్పాడు, పాతవన్నీ ఉంటాయిట, కొత్తవి నిలవవుట.

సెప్టెంబర్ 11

ప్రాసిక్యూటరమ్మ పిలిచింది. మంచి మనిషే. కేసు మూసెయ్యక తప్పదంది.

"దెబ్బలు తిన్నాయనకి గుర్తులేదు. చూసినవాళ్ళు లేరు. మిస్టర్ శ్యామ్‌సుందర్, కనీసం ఆ డెనిస్ ఎక్కడైనా గొప్పలు చెప్పుకున్నాడా? 'నేనే కొట్టాను' అని వాడి నోటినించి విన్నవాళ్ళు ఒక్కరుంటే చాలు, గ్రాండ్ జ్యూరీ ముందుకి తీసుకెళ్తాను."

నేను కిటికీలోంచి చూస్తున్నాను. పావురాలున్నాయి.

కనుక్కుంటానన్నాను.

సెప్టెంబర్ 13. ఆదివారం

ప్రమోదకి చెప్పాను. అనుకోకుండా జరిగిందనీ, వాడే మీదికొచ్చాడనీ, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడనీ. చపాతీ పిండి కలుపుతోంది. ఆపలేదు.

"అయితే ఏం చేస్తారు? వెళ్ళి చెప్తారా?"

"చెప్తేనే కదా కేసు నిలబడేది."

"చెప్తే వాడితోపాటు మీరూ బోనెక్కుతారు. లైసెన్సు ఊడుతుంది. మెల్‌బోర్న్‌లో చదివింది ఇక్కడ పనికిరాదంటే మళ్ళీ రాత్రిళ్ళు కాలేజీకి వెళ్ళారు. నేను బట్టలషాపులో నిలబడి కాళ్ళు వాచిపోయేదాకా పనిచేశాను. అదంతా వెళ్ళి గుమ్మరించి రండి."

"రాధాకృష్ణ..."

"రాధాకృష్ణకి మీరు వీధిలో చేసింది చాలదూ? భుజం, భుజం అని ఊరంతా చాటుకున్నారుగా ఇన్నేళ్ళూ. కొట్టారు. తృప్తిగా ఉంది. నోరు మూసుక్కూచోండి."

గిన్నె విసిరాను. గోడకి తగిలింది, ఆమెకి కాదు. విద్య గదిలోంచి వచ్చి చూసి, మళ్ళీ తలుపేసుకుంది. పిండంతా నేనే తుడిచాను.

సెప్టెంబర్ 16

చెప్దామని బయల్దేరాను. వాన.

సెప్టెంబర్ 17

వాన లేదు. పని ఉంది.

సెప్టెంబర్ 20. ఆదివారం

రాధాకృష్ణని ఇంటికి తీసుకొచ్చారు. మందులకని శారద వెంట నేనూ బయల్దేరాను. గుమ్మం దాటేముందు ఆమె అద్దం ముందు ఆగింది. బొటనవేలు నాలికకి తడుపుకుని నుదుటిమీది బొట్టు తుడిచేసింది. మొగుడు లోపల మంచం మీద బతికున్నాడు. నేను చూస్తున్నానని చూసింది.

"రోడ్డు మీదికి ఇలాగే వెళ్తున్నాం అన్నయ్యగారూ అందరం. ఇంటికొచ్చి పెట్టుకుంటాను" అంది. మళ్ళీ మెట్ల మీద అడిగింది. "ఇంత ఊళ్ళో ఒక్కరూ చూళ్ళేదా? ఒక్కరూ వినలేదా?"

లేదమ్మా అన్నాను. అప్పుడే అక్కడే నాలిక తెగిపడితే బాగుండేది.

ఈ పుస్తకం నాది. ఇందులో జడ్జి లేడు. సరిగ్గా రాస్తాను.

ఆ వారమంతా వాడికోసం కాపు కాశాను. వాడు నాకేసి చూడనైనా లేదు. ఏమీ కూయలేదు. శాండ్‌విచ్ తింటూ వస్తున్నాడు. నేనే పరిగెత్తి భుజం దింపాను. చెరుకుగడ విరిచినట్టు చప్పుడు. మోకాలు రొమ్ము మీద పెట్టి, ఇటుకతో ఎవరు కొట్టారు, ఎవరు, ఎవరు అని అరిచాను. అప్పుడు చెప్పాడు ఆ మాట. భయపడి చెప్పాడో, పొగరెక్కి చెప్పాడో నాకు తెలీదు. నాకు కావలసింది వచ్చేసింది. లాయరన్నవాడు అక్కడ ఆగాలి.

ఆగలేదు. 'మా అన్న లాయరు' అన్నాడన్న మాట విన్నాకే అసలు కొట్టడం మొదలుపెట్టాను. మూతిమీద. వాడి పళ్ళు విరిగి నా వేళ్ళలో దిగాయి. వాడు చేతులు అడ్డం పెట్టడం మానేశాక కూడా కొట్టాను. నోట్లోంచి రక్తమూ రొట్టె ముక్కలూ కలిసి వచ్చాయి. బాగుంది. అదీ రాయాలి కదా. నా జన్మలో ఏ పనీ అంత బాగా అనిపించలేదు.

సెప్టెంబర్ 21

వెళ్ళి చెప్పేశాను. ఒక్క ముక్క దాచలేదు.

ప్రాసిక్యూటరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "ఇలా రాబట్టిన మాట కోర్టులో ఎంతసేపు నిలబడుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు" అంది. "అయినా ఏమీ లేనిదానికంటే నయం. ఇటుకతో రెండో దెబ్బ వేసిన సంగతి బయట ఎవరికీ తెలీదు, డాక్టర్ల రిపోర్టులో మాత్రం ఉంది. అతను మీ చేతిలో దెబ్బలు తిన్నానని ఒప్పుకుంటే ఆ మాటకి బలం వస్తుంది. మీ మీదా కేసు వస్తుంది. తెలుసు కదా?"

తెలుసన్నాను.

ఇంటికొచ్చి ప్రమోదకి చెప్పాను. పక్కగదిలో విద్య దగ్గర పడుకుంది.

అక్టోబర్ 6

అయిపోయింది.

డెనిస్‌ని వాడి లాయరుతో సహా ఆఫీసుకి పిలిపించింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పది నిమిషాలైనా పట్టలేదు. తలుపు తీసి నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదంటున్నాడు. నిచ్చెన మీంచే పడ్డాడుట. షాపువాడు కూడా అదే చెప్తున్నాడు. మీరు కొట్టనే లేదంటే, వాడు మీకేమీ చెప్పనే లేదు. మీ స్నేహితుడి కోసం మీరు కథ అల్లారంటుంది జ్యూరీ. సారీ. మీ మీదా కేసు లేదు. ఇంటికెళ్ళండి."

నేను కొట్టలేదుట! నా వేళ్ళ మీద వాడి పళ్ళ గుర్తులున్నాయి, నేను కొట్టలేదుట!

అప్పుడే వాడు బయటికొచ్చాడు. కుడిచెయ్యి ఇంకా మెడకి కట్టే ఉంది. వాళ్ళ లాయరు లిఫ్టు దగ్గరికి వెళ్ళాడు. వాడు నా ముందు ఆగాడు. ముందు పళ్ళు లేని నోటితో, గొంతు తగ్గించి, "గుడ్ హిట్, మిస్టర్" అన్నాడు. ఎడం చెయ్యి చాపాడు.

నేను పట్టుకున్నాను. ఆలోచించే టైము లేదు. ఆట అయిపోగానే ఎదుటివాడు చెయ్యిస్తే పట్టుకోవడం ఒంటికి పట్టిన అలవాటు. వాడి చెయ్యి వెచ్చగా ఉంది. ఒకసారి ఊపి వదిలేశాడు.

ఆ ఫ్లోరులో బాత్‌రూం ఎక్కడుందో వెతుక్కుని చాలాసేపు చెయ్యి కడుక్కున్నాను.

అక్టోబర్ 7

"బతికిపోయారు" అంది ప్రమోద. మళ్ళీ మా గదిలోకి వచ్చింది.

అక్టోబర్ 11. ఆదివారం

రాధాకృష్ణ దగ్గరికి వెళ్ళాను. సోఫాలో కూర్చున్నాడు. జుట్టు కొంచెం మొలిచింది.

"అన్నా, నన్ను కొట్టినవాళ్ళని పట్టుకున్నారా?"

శారద వంటింట్లో ఉంది. పట్టుకున్నాంరా, అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. "ఎలా? ఎలా?" అన్నాడు. చెప్పాను. వంతెన, భుజం, చెరుకుగడ చప్పుడు, పళ్ళు. వాడు చిన్నపిల్లాడిలా మోకాళ్ళు దగ్గరికి తీసుకుని విన్నాడు. "నువ్వు లాయరువి కాదన్నా, పులివి!" అన్నాడు.

ఎంత హాయిగా ఉందో.

అక్టోబర్ 14

ఆఫీసునించి వస్తూ వెళ్ళాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి ఇద్దర్ని కొట్టానన్నాను.

అక్టోబర్ 20

వెళ్ళాను. నలుగుర్నీ కొట్టాను. వాడు పిడికిలి బిగించి సోఫా దిండుని గుద్దుతూ విన్నాడు. భుజం ఎలా పెట్టాలో లేచి చూపించాను. మోచెయ్యి లోపలికి, తుంటి కిందికి. దెబ్బకి చచ్చుబడ్డ కుడి పక్కకి బలం బాగానే వచ్చింది. డాక్టరు చెప్పినదానికంటే బాగానే కోలుకుంటున్నాడు. నేను వెళ్ళడం మంచిదే.

అక్టోబర్ 29

వెళ్ళాను.

నవంబర్ 3

వెళ్ళాను. విన్నది మర్చిపోతున్నాడు గాని కోపం మర్చిపోవడం లేదు. నేను లోపలికి రాగానే, ఇంకా ఏమీ చెప్పకముందే, పిడికిళ్ళు బిగుసుకుంటున్నాయి. శారద నన్ను చూసి గదిలోకి వెళ్ళిపోయింది. తలనొప్పి కాబోలు.

నవంబర్ 14. శనివారం

తలుపు శారదే తీసింది. గొలుసు తియ్యలేదు, సందులోంచే మాట్లాడింది. పెదవి చిట్లింది. చెంప నల్లగా కమిలింది, చెవిదాకా.

నేను అడగలేదు. ఏమీ అడగలేదు. నాకేం అడగాలనీ లేదు. ఆవిడే చెప్పింది.

"ఆయన కొట్టారు అన్నయ్యగారూ. మొన్నా కొట్టారు, రాత్రీ కొట్టారు. మీరు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కొడతారు. ఎందుకు కొడుతున్నారో ఆయనకి తెలీదు. భుజంతో కుమ్మితే వెళ్ళి స్టవ్ మీద పడ్డాను. మీరు చెప్పే కథ వల్ల. పట్టుకున్నామని చెప్తున్నారు, వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది. ఎవర్ని పట్టుకున్నారు? నాకు చెప్పండి, ఎవర్ని పట్టుకున్నారు?"

ఎవర్నీ లేదమ్మా అన్నాను.

"మరి ఆ మాట ఆయనకి చెప్పండి. చెప్పలేకపోతే మా ఇంటికి రావద్దు."

తలుపు వేసేసింది. మెట్ల మీద కూర్చున్నాను. కింది వాటాలో స్పానిష్ పాటలు పెట్టారు. దవడ విరగ్గొట్టించుకునీ నోరు విప్పలేదు నేను. పటేల్ విప్పలేదు. డెనిస్ విప్పలేదు. అందరం పెద్ద మగాళ్ళం. మొగుడి పేరే చెప్పి, నా పేరూ చెప్పి, తలుపేసుకుంది ఆ పిల్ల.

నవంబర్ 15. ఆదివారం

వెళ్ళాను. గొలుసు తీసింది. ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

"అన్నా!" అన్నాడు వాడు. పిడికిళ్ళు అప్పుడే బిగిశాయి. "నన్ను కొట్టినవాళ్ళని పట్టుకున్నారా?"

"లేదురా."

"అదేమిటన్నా? నువ్వు లాయరువి కదా?"

"లాయర్నే. ఒకణ్ణి నా చేతులతో కొట్టాను. కొట్టి కేసు పాడుచేశాను. వాడు హాయిగా తిరుగుతున్నాడు. ఎవర్నీ పట్టుకోలేదు, ఇంక పట్టుకోరు."

చెప్తూనే కుర్చీలోంచి లేచి వాడికి దగ్గరగా కూర్చున్నాను, కొడితే నన్నే కొట్టాలని. కొట్టలేదు. పిడికిళ్ళు వాటంతటవే విడిపోయాయి. ఎడం చెయ్యి నా తొడ మీద వేసి తట్టాడు.

"పోనీలే అన్నా. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

శారద కొంగు నోట్లో కుక్కుకుంది.

కాఫీ వచ్చింది. తాగాము. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే వాడు వెనకనించి పిలిచాడు.

"అన్నా, వాళ్ళని పట్టుకున్నారా?"

చెప్పులు విప్పి మళ్ళీ వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను.